ఆధారం: స్వయంగా సేకరించినది

మా బీబీఏకి గది లేదు.
తత్వశాస్త్రం వాళ్ల గదే మాకిచ్చారు,
ఆ శాఖలో మిగిలింది పాత్రుడు సారూ, రెండు బీరువాలూ కనక.
తొమ్మిది మందిమి. వానొస్తే ఆరుగురం.
బోర్డు మీద ఆయన రాసి వదిలేసిన
"తెలియడం అంటే ఏమిటి?" పక్కనే
లింగరాజు సారు నాలుగు గడులు గీస్తారు:
బలం, బలహీనత, అవకాశం, ముప్పు.

ముప్పు గడిలో ఏం రాయాలన్నారు.
వెనక బెంచీలోంచి ఢిల్లేశు "తిత్లీ" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
ఆ రాత్రి ఊరూరా జీడిచెట్లు
వేళ్లు ఆకాశానికి పెట్టి పడుకున్నాయి.
అప్పుడు మాది ఎనిమిదో తరగతి.

లింగరాజు సారుకి గంటల లెక్కన జీతం.
పర్లాకిమిడి నుంచి బస్సులో వస్తారు.
స్థిర వ్యయం, చర వ్యయం చెప్పిన రోజు
"చర వ్యయమంటే నేనే" అని
చేతుల సుద్దపొడి దులుపుకున్నారు.
ఆ తర్వాత మేం
బందులు రావాలని కోరుకోవడం మానేశాం.

రెండో సెమిస్టర్‌కి ప్రాజెక్టు.
ఒక సంస్థకి వెళ్లండి, పని ఎలా నడుస్తుందో చూడండి,
అంకెలు తీసుకురండి.
పలాసలో సంస్థంటే ఏటుంటాది, జీడిపప్పు బట్టీ కాక.
పదకొండు గేట్లు తిరిగితే
కాలేజీ ఉత్తరం చూసి లోపలికి రమ్మన్నది
ఒక్క షావుకారే.
మా అమ్మ పనిచేసే చోటు.

కుర్చీ వేయించాడు. నా పేరుకి "మేడం" తగిలించాడు.
గుమాస్తా టీ తెచ్చాడు,
ప్లేటులో పప్పు, ఒక్కటీ విరగనిది.
ఎదురుగా నేల మీద నలభై మంది ఆడవాళ్లు,
పిక్క మీద దెబ్బ, దెబ్బ మీద దెబ్బ,
వేళ్ల చివర్లు బొగ్గు రంగు.
మూడో వరసలో అమ్మ.
తలెత్తింది.
బ్యాంకు ఆఫీసర్ని చూసినట్టు చూసి
మళ్లీ తల దించుకుంది.

నాకర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది.
ఆ నిమిషంలో నేను టీ తాగాను.

ప్రశ్నావళిలో పద్నాలుగు ప్రశ్నలు.
షావుకారే వేలు చూపించాడు:
"ఆ దమయంతిని అడగండి మేడం, పాత మనిషి."
"రోజుకి ఎన్ని కేజీలమ్మా?" అన్నాను.
అమ్మా అనడంలో తప్పు దొరకలేదు,
ఎవర్నైనా అంటాం కదా.
"పది తీత్తామండి."
"చేతులకి ఇబ్బందేమైనా?"
"ఏటీ నేదండి. బూడిద రాసుకుంటాం."
"కూలి సరిపోతోందా?"
షావుకారు మర్యాదకి కిటికీ వైపు తిరిగాడు.
"బాగానే సూత్తారండి మమ్మల్ని."

రాత్రి గంజి వార్చి,
వేళ్లకి ఆముదం పట్టిస్తూ అంది:
"ఆ కాయితం తే.
పది కాదు, ఏడు. ఇరిగినవి తూకంలోకి రావు.
ఇరిగితే మన తప్పే, పిక్క తప్పు కాదు.
సెయ్యి కాలితే రెండ్రోజులు పనుండదు.
ఆ రెండ్రోజులూ ఎక్కడ రాత్తావు?"

పుస్తకంలో ఆ గడి లేదు.
మార్జిన్లో రాశాను.

"మరి నన్ను తెలీనట్టు ఉన్నావేటి?"
"తెలిస్తే కుర్చీ తీయించీవోడు."
దీపం కిందకి చెయ్యి జరుపుకుని,
కాసేపాగి,
"టీ బాగుందేటి?"

రెండు పట్టికలు వేశాను,
పగలు చెప్పింది ఒకటి, రాత్రి చెప్పింది ఒకటి.
లింగరాజు సారు రెండోదాని చుట్టూ పెన్సిల్‌తో గీసి
"ఆధారం?" అని రాసిచ్చారు.
బీరువా తాళం కోసం వచ్చిన పాత్రుడు సారు
నా భుజం మీంచి రెండూ చదివారు,
ఏమీ అనలేదు.
సుద్దముక్క వెతుక్కుని
బోర్డు మీద తన ప్రశ్న, చెరిగిన మేర,
మళ్లీ దిద్దారు.

పట్టిక అడుగున రాశాను:
స్వయంగా సేకరించినది.
ఎవరి దగ్గరో పేరు వేయమంటే
వేయలేదు. రెండు మార్కులు పోయాయి.

ఈ వారం మంగళవారం సెలవు, గురువారం బందు.
లింగరాజు సారు రాలేదు.
ఆ రెండ్రోజులు కూడా
మార్జిన్లోనే, అమ్మవాటి కింద.